210వ నంబరు రెండో అచ్చు

హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 4

మావయ్యా,

నిన్న మంగళవారం పొద్దున పదకొండు ఇరవైకి 210వ నంబరు బయాప్సీ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. నాలుక ఎడమ అంచున, రెండున్నర సెంటీమీటర్లు.

ఫోన్ చేసి మూడుసార్లు చెప్పాను. మూడోసారి నువ్వు "సంతోషం, పెళ్ళికొడుకు ఏం చేస్తాడు?" అన్నావు. అందుకే ఉత్తరం.

నీ చేతిమీదుగా ఎన్నో నోళ్ళు పోయి ఉంటాయి కాబట్టి గుర్తు చేస్తున్నాను. పోయిన జూన్‌లో నా థీసిస్ కోసం కుట్టు ఫ్యాక్టరీలో నాలుగు వందల మంది పళ్ళు చూశాను. దారాన్ని పళ్ళతో కొరికి తెంపేవాళ్ళకి ముందుపళ్ళలో గాడి ఎంత లోతు పడుతుందన్నది నా అంశం. ప్రతి పదో మనిషికీ పళ్ళ మీద ముద్ద ఒత్తి నోటి కొలత తీసి పంపితే నువ్వు ప్లాస్టర్ అచ్చులు పోశావు. ఆ నలభై మందిలో ఈమె ఒకరు. బొత్తాల సెక్షన్. ముందుపళ్ళు అరిగిపోయాక ఎడమపక్క కింది పంటితో కొరకడం మొదలుపెట్టింది. ఆ పన్ను అంచు విరిగి నాలుకకి తగులుతుండేది.

పదిహేను రోజుల కిందట ఓపీలో నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. నన్ను చూడగానే, "డాక్టరమ్మా, మీరా! బతికాను. కొత్తవాళ్ళయితే మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఈ నాలుకతో అంత మాట్లాడలేను" అంది. అద్దం పెట్టి చూశాను. బయాప్సీకి చీటీ రాశాను.

ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు నా సర్వే షీట్లు తెప్పించుకున్నారు. ఆ నలభై మందికీ రెండేసి షీట్లున్నాయి. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూడాలి, నేను రాసినవి రెండూ ఎంతవరకు కలిశాయన్నదాన్ని బట్టి నా చూపు నమ్మదగినదో కాదో తేలుతుంది. ఈమె మొదటి షీట్, జూన్ 12: నాలుక అంచున చిన్న పుండు. రెండోది, జూన్ 26: మానింది. పెద్ద డాక్టరు రెండూ చదివి, "అంటే పాతది మానిపోయింది, ఇది కొత్తది" అన్నారు. నొప్పి ఎక్కువైనప్పటి నుంచి లెక్కేసి, కేసు షీట్‌లో వ్యవధి మూడు నెలలని రాశారు.

థీసిస్ ఫలితం మే నెలలో. నాకు ఒంట్లో ఓపిక లేదు. అమ్మకి ఏమీ చెప్పకు.

నీ బోసి

---

పనిగది, మెట్ల కింద
మార్చి 9

బోసమ్మా,

పెళ్ళని వినపడితే తప్పు నాది కాదు, నలభై ఏళ్ళుగా చెవి పక్కన తిరుగుతున్న రాపిడి మెషీన్‌ది. ఆ మెషీన్ ముందే నువ్వు ఆరేళ్ళప్పుడు బోర్లాపడి రెండు ముందుపళ్ళూ రాలగొట్టుకున్నావు. బోసి అన్న పేరు అప్పుడు పెట్టిందే, నాకు అలవాటైపోయింది.

210 నాకు గుర్తుంది. నోళ్ళు గుర్తుండవు గానీ దెబ్బలు గుర్తుంటాయి. ప్లాస్టర్ గట్టిపడ్డాక ప్రతి అచ్చు మీదా బొటనవేలు పెట్టి చూడడం నా అలవాటు. ఆ అచ్చు ఎడమ కింది పంటి దగ్గర వేలు తెగింది. ప్లాస్టర్ మీద చుక్క పడితే తడిగుడ్డతో తుడిచాను. ప్లాస్టర్‌కే ఇంత వాడి ఉంటే ఆ మనిషి నోట్లో ఎలా ఉంటుందో అనుకున్నాను. అనుకుని తర్వాతి అచ్చు తీశాను. ఆ రోజు ఇంకా ఇరవై మిగిలున్నాయి.

ఇక్కడ పని తగ్గలేదు, మనిషే తగ్గాడు. వారానికి ఆరు కట్టుడుపళ్ళ సెట్లు చేసేవాణ్ణి, ఇప్పుడు నాలుగు. మధ్యాహ్నానికి మెడ పట్టేస్తోంది.

ఒక్కటి అడుగుతాను. షీట్‌లో ఏముందని కాదు. రెండోసారి చూసినప్పుడు నీ కళ్ళతో ఏం చూశావు?

మావయ్య

---

హాస్టల్
మార్చి 17

మావయ్యా,

స్కాన్‌కి పన్నెండు రోజుల వరస ఉంది. ఈలోగా రక్తం తక్కువుందని మందులిచ్చారు. 210 రోజు విడిచి రోజు వస్తోంది. ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి, రెండు బస్సులు మారి. వచ్చినప్పుడల్లా నా గది తలుపు దగ్గర ఆగుతుంది. నిన్న, "నాలుక కోసేస్తే ఇక మా సూపర్‌వైజరు బతికిపోతాడు డాక్టరమ్మా. పదేళ్ళుగా నాతో వేగలేక చస్తున్నాడు" అని నవ్వింది. నవ్వితే నొప్పి. చేత్తో దవడ పట్టుకుని మరీ నవ్వింది.

నువ్వడిగినదానికి: గీసుకున్న చిన్న పుండు రెండు వారాల్లో మానాలి. పుస్తకంలో అలాగే ఉంది.

మా గైడు మేడమ్ సంతోషంగా ఉన్నారు. నా రెండు షీట్ల పొందిక ఒకటికి 0.87 వచ్చింది, మా బ్యాచ్‌లో అదే ఎక్కువ. ఆగస్టు సదస్సులో చదవాలంటున్నారు. 210 సంగతి తెలిసి బీరువాలోంచి ఆమె అచ్చులు రెండూ తీయించారు. మొదటిదాంట్లో పంటి అంచు వాడిగా ఉంది. రెండోదాంట్లో నున్నగా ఉంది. "చూశావా, ఈ మధ్యలో ఎవరో ఆ పన్ను సరిచేశారు. అందుకే పుండు మానింది. నీ షీట్‌కి నీ అచ్చే సాక్ష్యం" అన్నారు మేడమ్. ఆ మాట కూడా కేసు షీట్‌లోకి ఎక్కింది.

నేను అచ్చు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మావయ్యా, రెండోది ఎందుకు నున్నగా ఉంది?

బోసి

---

పనిగది
మార్చి 23

బోసమ్మా,

నా ప్రశ్నకి నువ్వు పుస్తకం చూపించావు. నీ ప్రశ్నకి నేను చేతులు చూపిస్తాను.

పోయిన జూలై రెండున నీ ఉత్తరం వచ్చింది. నా దగ్గరే ఉంది. 'రెండో విడత కొలతలు ఎండకి పాడైపోయాయి. మొదటి అచ్చుల నుంచే ఇంకో నలభై అచ్చులు పోసి పంపగలవా? గాడి ఎలాగూ రెండు వారాల్లో మారదు' అని రాశావు. నేను పోశాను. పదకొండు రోజులు పట్టింది.

నువ్వు పంపినవి రబ్బరు కొలతలు. అవి ఎండకి పాడవవు. ఈ సంగతి నీకు నేర్పింది నేనే. కాబట్టి ఉత్తరం చదువుతున్నప్పుడే నాకు తెలుసు, నువ్వు రెండోసారి కొలతలు తీయలేదని. అడగలేదు. పిల్ల అలిసిపోయి ఉంటుంది, ఏదో ఒకటి చేసి గట్టెక్కనీ అనుకున్నాను. నాకు పిల్లల్లేరు, నీ మీద ఆ మాత్రం గారాబం తప్పుకాదని కూడా అనుకున్నాను. గాడి లోతు సంగతే కదా, ఎవరి ప్రాణం పోతుంది అనుకున్నాను. అదీ రాస్తున్నాను, రాయకపోతే ఎలా.

ఇక నున్నదనం. నకలు అచ్చు 210 గట్టిపడ్డాక బొటనవేలు పెట్టబోయి ఆగాను. పోయినసారి తెగిన చోటు గుర్తొచ్చింది. ఆకురాయి తీసుకుని రెండుసార్లు లాగాను. ఎందుకంటే ఏం చెప్పను? ఈ చేతులు కట్టుడుపళ్ళు చేసే చేతులు. వాడిగా తగిలితే నున్న చేస్తాయి. నన్నడిగి చేయవు.

ఆమె పన్ను ఎవరూ సరిచేయలేదు. ప్లాస్టర్ పన్ను నేను సరిచేశాను.

మీ మేడమ్ చూడనిది ఒకటుంది. రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టి, అదే పంటి కింద చిగురు దగ్గర చూడు. ఆవగింజంత బుడగ గుంట ఉంటుంది. రెండింటిలోనూ ఒకే చోట. విడివిడిగా తీసిన కొలతల్లో బుడగ ఎప్పుడూ ఒకే చోట పడదు. కావాలని పడేలా చేయమన్నా నావల్ల కాదు.

ఇప్పుడు నువ్వు రాయి.

మావయ్య

---

హాస్టల్
మార్చి 30

మావయ్యా,

జూన్ 26, గురువారం. పొద్దున తొమ్మిదింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. సూపర్‌వైజరు గేటు దగ్గరే ఆపాడు. "శనివారం లోడు పోవాలి తల్లీ. నలభై మందిని లేపితే లైనంతా ఆగుతుంది. వాళ్ళ పళ్ళెక్కడికీ పోవు, సోమవారం రా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సోమవారం నుంచి మూడు వారాలు నాకు క్యాంపు డ్యూటీ. మేడమ్‌ని అడిగితే తేదీలు మార్చేవారేమో. అడగలేదు. అప్పటికి ఓపీ, ఫ్యాక్టరీ కలిపి నాలుగు నెలలుగా రోజుకి ఇరవై నోళ్ళు చూస్తున్నాను. ఇంకో నోరు చూడనక్కర్లేదన్న మాట వినగానే ఒళ్ళు తేలికపడింది. అది నాకు బాగా గుర్తు.

వాళ్ళ క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చున్నాను. పన్నెండు పది నుంచి మూడింటి దాకా. మొదటి షీట్లు ఎడమపక్క, ఖాళీవి కుడిపక్క. వేరే పెన్ను వాడాను. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే నూటికి నూరు కలుస్తుంది, అలా ఎవరికీ కలవదు. అందుకని అక్కడక్కడ మార్చాను. ఒకచోట పిప్పిపన్ను తీసేశాను, ఒకచోట చిగుళ్ళ రక్తం కలిపాను. 0.87 అలా వచ్చింది.

210 దగ్గర పుండు అని ఉంది. పుండు మానకపోతే చీటీ రాసి ఆ మనిషిని కాలేజీ ఆసుపత్రికి పంపాలి, అది రూలు. చీటీ రాయాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. పుస్తకం ప్రకారం మానాలి కదా అని, మానింది అని రాశాను. ఆ పుండు మాన్పడానికి నాకు రెండు సెకన్లు పట్టింది.

తర్వాతి షీట్ తీశాను. నీలాగే.

ఈ సంగతి మనిద్దరికే తెలుసు. చెప్తే థీసిస్ పోతుంది, ఏడాది పోతుంది, డిగ్రీయే ఇవ్వకపోవచ్చు. చెప్పకపోతే కేసు షీట్‌లో మూడు నెలలు అలాగే ఉంటుంది. అది పది నెలలని తెలిస్తే పెద్ద డాక్టరు ఆపరేషన్ మార్చుకుంటారో లేదో నాకు తెలీదు. నేను తేల్చే విషయం కాదు. కానీ నేను నోరు తెరవకపోతే తేల్చుతున్నది నేనే.

స్కాన్ అయింది. తేదీ ఇంకా ఇవ్వలేదు. ఏం చేయమంటావు?

బోసి

---

పనిగది
ఏప్రిల్ 3

బోసమ్మా,

ఏం చేయాలో నీకు తెలుసు, నా చేత అనిపించుకోవాలని చూస్తున్నావు. అనను. ఇంకొకటి అడుగుతాను.

ఆమె ఒక్కర్తినే కాదు నువ్వు చూడనిది. మిగతా ముప్పైతొమ్మిది మంది?

మావయ్య

---

హాస్టల్
ఏప్రిల్ 15

మావయ్యా,

నీ ఉత్తరం ఆరో తారీఖు మధ్యాహ్నం అందింది. ఏడో తారీఖు పదింబావుకి ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాను. టీ విరామం పన్నెండు నిమిషాలు. ఒక అద్దం, ఒక టార్చి, ఒక డబ్బా చేతితొడుగులు. విరామానికి ఆరుగురు చొప్పున. సూపర్‌వైజరు బయటికొచ్చి, "మళ్ళీ వచ్చావా తల్లీ? ఈసారి ఎవరి పళ్ళు పోయాయి?" అన్నాడు. "నావే" అన్నాను. అతను నవ్వి, ఓ కుర్చీ పంపించాడు.

ముప్పైఆరుగురు ఫ్యాక్టరీలోనే దొరికారు. ఇద్దర్ని ఇళ్ళకెళ్ళి చూశాను. ఒకామె పని మానేసి ఊరు మారింది, కొత్త అడ్రసు సంపాదించి ఉత్తరం రాశాను. పిప్పిపళ్ళకి పదకొండు చీటీలు రాశాను. 340వ నంబరుకి బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది. అది జూన్‌లో లేదు, లేదా నేను చూడలేదు. "కంగారుపడకండి, చూపించుకుంటే చాలు" అన్నాను. "మీరు రాకపోతే మాకెలా తెలుస్తుంది డాక్టరమ్మా" అందామె. ఆ కుర్చీలో కూర్చుని ఆమెకి చీటీ రాశాను.

పదమూడున మేడమ్‌కి చెప్పాను. బుడగ చూపించాను. ఆమె కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు మేడమ్."

"నేను అడగాల్సింది. ఆ అచ్చులు తొమ్మిది నెలలు నా బీరువాలోనే ఉన్నాయి." తర్వాత, "సంతకం నాది కూడా ఉంది. రాసివ్వు, పైకి పంపుతాను" అన్నారు. అంతే. సదస్సు మాట ఎత్తలేదు.

పెద్ద డాక్టరుకీ చెప్పాను. పెన్ను అడిగారు. మూడు నెలలు కొట్టేసి, పది నెలలని రాశారు. పన్ను సరిచేశారన్న వాక్యం కూడా కొట్టేశారు. స్కాన్ మళ్ళీ తెరిచి చూసి, మెడలో గడ్డలు కూడా తీయాలని నిర్ణయించారు. వ్యవధి వల్లనా, పుండు సైజు వల్లనా అని అడిగాను. "రెండూ" అన్నారు.

ఆమెకి చెప్పడం చివరికి పెట్టుకున్నాను. నిన్న వార్డులో చేర్చుకున్నారు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పాను. ఆమె దుప్పటి అంచు మడతపెడుతూ విన్నది.

"అంటే రెండోసారి మీరు రాలేదన్నమాట" అంది.

"రాలేదు."

"నేనూ రాలేదనే అనుకున్నా. పెద్ద డాక్టరు కాగితం చూసి, పన్ను నున్న చేయించుకున్నావుగా అంటే, చేయించుకున్నానేమో, నాకే మరపేమో అనుకున్నా. ఇంటికెళ్ళి మా చెల్లెల్ని కూడా అడిగా, నేనెప్పుడైనా పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానా అని. నాకు మతి పోతోందని అది ఏడ్చింది."

నేను క్షమించమన్నాను. ఆమె దుప్పటి మడత విప్పి కాళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత, "ఆపరేషన్ రోజు ఏడింటికల్లా రా అమ్మాయ్" అంది. డాక్టరమ్మా అనలేదు. "నాకోసం కాదు. మా చెల్లెలొస్తుంది. అప్పటికి నేను మాట్లాడలేను, ఆ తర్వాత ఎన్నాళ్ళకి మాట్లాడతానో తెలీదు. జరిగింది దానికి నువ్వే చెప్పాలి. నా బదులు ఎవరూ చెప్పరు."

వస్తానన్నాను. ఈ పొద్దున రెండు కాగితాలు వచ్చాయి. ఆపరేషన్ ఏప్రిల్ 23, గురువారం, ఎనిమిదింటికి. విచారణ కమిటీ కూడా అదే రోజు, పదిన్నరకి. రెండో అచ్చుల గురించి చెప్పడానికి, వాటిని చేసినవాళ్ళ వాంగ్మూలం ఏమైనా ఉందా అని కాగితంలో అడిగారు. లేదని రాయబోతున్నాను. నిన్ను ఇందులోకి లాగను. నకలు అచ్చులు నేనే పోసుకున్నానని చెప్తాను.

బోసి

---

పనిగది
ఏప్రిల్ 18

బోసమ్మా,

మళ్ళీ అబద్ధం రాయడానికి కూర్చున్నావా? ప్లాస్టర్ కలిపితే నీది ఎప్పుడూ గడ్డలు కడుతుంది. నలభై అచ్చులు నువ్వు పోశావంటే కమిటీ నమ్మొచ్చు, అచ్చులు నమ్మవు. ఆ కాగితంలో 'ఉంది' అని రాయి.

నా పనిపుస్తకంలో జూలై 3 నుంచి 13 వరకు పేజీలున్నాయి. ఏ రోజు ఎన్ని పోశానో, 'నకలు' అని నా చేత్తోనే రాసుంది. నీ జూలై ఉత్తరం ఉంది. ఆకురాయి ఉంది. మూడూ సంచిలో పెట్టాను. అబద్ధమని తెలిసి కూడా పోశానని నేనే చెప్తాను. ప్రశ్నలు కాగితం మీద రాసివ్వమను, వినపడక ఇంకోదానికి జవాబు చెప్పానంటే బావుండదు.

అక్కకి నిన్న చెప్పాను. నువ్వు వద్దన్నావు, అయినా చెప్పాను.  ఏదో అంది, నాకు వినపడలేదు. మళ్ళీ అడగలేదు. సాయంత్రం తనే వచ్చి నా చొక్కాలు రెండు ఇస్త్రీ చేసి పెట్టి వెళ్ళింది.

డిగ్రీ ఉంటుందో పోతుందో నాకు తెలీదు. ఉంటుందని ధైర్యం చెప్పను. పోతే వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చో, మెషీన్ శబ్దానికి చెవుల్లో దూది పెట్టుకుని. అది నీకు శిక్షా కాదు, నాకు సాయమూ కాదు. పని ఉంది, అంతే. కానీ ఎక్కడ ఉన్నా ఆ 340 ఏమైందో చూడడం నీ పనే. చీటీలో ఆమెని ఏ తేదీకి రమ్మని రాశావో నువ్వు చెప్పలేదు. రాసే ఉంటావు.

తలుపు మీద రెండు రోజులు సెలవని కాగితం అంటించాను. బస్సు బుధవారం సాయంత్రం ఐదింటికి. గురువారం తెల్లారి ఐదూ యాభైకి దిగుతాను. ఏడింటికి వార్డు. ఆ చెల్లెలికి నువ్వు చెప్తున్నప్పుడు నేనూ పక్కన ఉంటాను, నా వంతు నేను చెప్పాలి. ఎనిమిదికి ఆపరేషన్. పదిన్నరకి కమిటీ.

ఈ ఉత్తరం బుధవారానికి అందాలి. బస్టాండ్‌లో రెండో గేటు దగ్గర నిలబడు. పిలవకు, వినపడదు. కనపడేలా నిలబడు.

మావయ్య